గోటితో పోయే చిక్కులు, గుప్పెడు సంతోషాలు

రిటైరైన ఇంట్లో పెద్ద సమస్యలకు వెళ్ళడానికి ఒక చోటంటూ ఉంటుంది. గుండెకు స్టెంటు వేయాలంటే ఆస్పత్రి ఉంది. పెన్షను ఆగితే ట్రెజరీ ఉంది. పొలం గట్టు దగ్గర తగాదా వస్తే పెద్దమనుషులున్నారు. టీవీ సౌండు ఎంత ఉండాలి, పెరుగు గిన్నె ఫ్రిజ్జులో ఏ అరలో పెట్టాలి, మధ్యాహ్నం కునుకు పట్టిన వేళ కాలింగ్ బెల్ మోగితే తలుపు ఎవరు తీయాలి అన్నవాటిని తేల్చే చోటు మాత్రం ఆ ఇల్లే. ఆ ఇంట్లో ఉన్న ఇద్దరే తేల్చుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసు 2022 జనవరి నుంచి 62. తెలంగాణలో 2021 నుంచి 61. కేంద్ర ప్రభుత్వంలో 60. ఎనభై ఏళ్ళు బతికే మనిషికి ఉద్యోగం తర్వాత ఇరవై ఏళ్ళ దాకా మిగులుతాయి. ఒక బిడ్డను కని, పెంచి, డిగ్రీ చేతికి వచ్చేదాకా చదివించేంత కాలం అది. అంత కాలాన్ని నింపేవి కాశీయాత్రలూ షష్టిపూర్తులూ కావు. అవి ఏడాదికో, పదేళ్ళకో ఒకసారి వస్తాయి. నింపేవి పొద్దుటి కాఫీ, పదింటి కూరగాయలు, రాత్రి తొమ్మిదింటి మాత్రలు.

ఈ అధ్యాయం చెప్పేది ఒక్కటే. చిన్న చిక్కును చిన్నగా ఉన్నప్పుడే, నోరు విప్పి మాట్లాడి తేల్చేయాలి. చిన్న సంతోషానికి ఒక వేళ కేటాయించి దాన్ని నిలబెట్టుకోవాలి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్న ఇళ్ళు మన చుట్టూ చాలానే ఉన్నాయి. మీ ఇల్లు అలా కానక్కరలేదు.

పగటి ఇంటికి కొత్తగా వచ్చింది మీరే

ముప్ఫై అయిదేళ్ళు పొద్దున తొమ్మిదింటికి బయటపడి సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరిన మనిషికి తన ఇల్లు పగలు ఎలా నడుస్తుందో తెలియదు. పదింటికి పనిమనిషి రావడం, పన్నెండింటికి పూజ, రెండింటికి వంటగది సర్ది ఇల్లాలు కాసేపు నడుం వాల్చడం, నాలుగింటికి పక్కింటావిడతో గుమ్మంలో పది నిమిషాల కబుర్లు... ఇదంతా ఏళ్ళ తరబడి స్థిరపడిన ఏర్పాటు. రిటైరైన మగవాడు ఆ ఏర్పాటు మధ్యలోకి వచ్చి కూర్చుంటాడు. ఇల్లు ఆయనదే. ఆ వేళలు మాత్రం ఆయనకు కొత్త.

చాలామంది మొదటి నెలలోనే సంస్కరణలు మొదలుపెడతారు. పప్పుల డబ్బాల మీద చీటీలు అంటిస్తారు. గ్యాసు సిలిండరు ఎన్నాళ్ళు వచ్చిందో క్యాలెండరు మీద రాస్తారు. పనిమనిషి ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చిందో లెక్క కడతారు. ఆఫీసులో ఇవన్నీ మంచి పనులే. ఇంట్లో మాత్రం ఆవిడ చెవికి "ఇన్నేళ్ళూ నువ్వు సరిగ్గా నడపలేదు" అన్నట్టే వినిపిస్తాయి. ఆ మాట ఆయన మనసులో లేకపోవచ్చు. నొచ్చుకోవడం మాత్రం నిజం.

అందుకే మొదటి నియమం. రిటైరైన తొలి మూడు నెలలు ఇంట్లో ఏదీ మార్చకండి. చూడండి, అడగండి, నేర్చుకోండి. "ఏమండీ, కాస్త పేపరు పట్టుకుని వరండాలో కూర్చోకూడదూ?" అని ఆవిడ అంటే అందులో విసుగు వెతక్కండి. ఆ గంటసేపు వంటగదిలో తన పని తాను చేసుకోవడం ఆవిడకు అలవాటు. ఆ గంట ఆవిడకు వదిలేయండి.

రిటైరైంది ఇల్లాలే అయితే చిక్కు మరో రకంగా ఉంటుంది. టీచరుగానో నర్సుగానో బ్యాంకులోనో పనిచేసిన ఆడవాళ్ళు ఇన్నేళ్ళూ రెండు ఉద్యోగాలు చేశారు. ఒకదానికి సన్మాన సభ జరిగింది, శాలువా కప్పారు. రెండోది మర్నాటి నుంచి ఇంకా పెరుగుతుంది. "ఇంట్లోనే ఉంటున్నావుగా" అంటూ ఒక్కొక్కరూ ఒక్కో పని ఆవిడ మీద వేస్తారు. టిఫిను రెండు రకాలవుతుంది. వంటమనిషిని మాన్పిస్తారు. మనవణ్ణి స్కూలు బస్సు ఎక్కించే పనీ ఆవిడదే అవుతుంది. ఆవిడ రిటైరైన వారంలోనే ఇంటి పనులన్నీ కాగితం మీద రాసి, ఎవరికేది అన్నది మళ్ళీ పంచుకోండి. ఆలస్యమైతే ఆ పంపకం దానంతటదే జరిగిపోతుంది. అలా జరిగినప్పుడు న్యాయంగా జరగదు.

ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా తీసుకోండి

"నేనూ సాయం చేస్తున్నానుగా" అనే మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. సాయం చేసేవాడికి ఇంకొకరు పని చెప్పాలి, గుర్తు చేయాలి, చివర్లో సరిచూడాలి. ఆవిడ మీద బరువు తగ్గలేదు, అజమాయిషీ ఒకటి అదనంగా చేరింది. దీనికి మందు ఒక్కటే. పని ఒకటే తీసుకోండి, పూర్తిగా తీసుకోండి.

పొద్దుటి కాఫీనే చూడండి. ఆ పని రాత్రి భోజనాలయ్యాక ఫిల్టరు కడిగి బోర్లించడంతో మొదలవుతుంది. చెమ్మ ఆరాక పై గిన్నెలో పొడి వేయాలి. మరీ అదమకూడదు. మరిగిన నీళ్ళు నెమ్మదిగా చుట్టూ తిప్పి పోసి మూత పెట్టాలి. తెల్లారేసరికి కింది గిన్నెలో చిక్కటి డికాషను దిగి ఉంటుంది. పాలు పొంగిపోకుండా దగ్గరుండాలి. తాగాక గ్లాసులు కడిగి పెట్టాలి. పొడి ఇంకా నాలుగు రోజులకే ఉందని ముందే గమనించి, పట్టించి తెచ్చుకోవాలి. ఇదంతా చేస్తేనే కాఫీ మీ పని అయినట్టు. ఏళ్ళ తరబడి అందరికంటే ముందు లేచి పొయ్యి వెలిగించిన మనిషి మంచం మీంచి లేచేసరికి కాఫీ గ్లాసు చేతికందితే ఆవిడకు కలిగే సుఖం మీరు ఏ నగా కొనిచ్చి తేలేనిది.

కూరగాయలు మరొకటి. రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ చాలా పట్టణాల్లో ఉన్నాయి. ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి బేరం బెడద లేదు. వచ్చే చిక్కల్లా కొలత దగ్గర. టమాటా చవగ్గా ఉందని మూడు కిలోలు తెచ్చేస్తాం. ఇంట్లో తినేది ఇద్దరు. సగం కుళ్ళిపోయాక మాటా మాటా వస్తుంది. ఇద్దరికి వారానికి ఏ కూర ఎంత పడుతుందో ఒక నెల రాసి చూసుకోండి. ఆ తర్వాత ఆ చీటీతో వెళ్ళండి. చిక్కుడుకాయలు తెచ్చినవారే ఈనెలు తీయాలన్న పద్ధతి పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇద్దరూ చాప మీద కూర్చుని, మధ్యలో చాట పెట్టుకుని కాయలు ఒలుచుకునే ఆ అరగంటలో వచ్చినన్ని కబుర్లు సోఫాలో ఎదురెదురుగా కూర్చుంటే రావు. చేతికి పని ఉన్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది.

వేసవిలో ఆవకాయ ఇంటికి పండగే. కాయలు నీళ్ళలో నానబెట్టి, తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టించాక అసలు ఓపిక కావాల్సిన పని మిగులుతుంది. ఒక్కో ముక్కలో జీడి తీసేయాలి, టెంకకు అంటుకున్న పల్చటి పొర లాగేయాలి, పొడిగుడ్డతో తుడవాలి. ఎక్కడ చెమ్మ మిగిలినా జాడీ అంతా బూజు పడుతుంది. ఆవిడ ఆవపిండి, కారం, ఉప్పు పాళ్ళు చూసుకుంటూ ఉంటే ఆ ముక్కలు తుడిచే పని మీరు తీసుకోండి. మూడో రోజు తిరగ కలిపి, ఆ బేసిన్‌లోనే వేడి అన్నం వేసి, నూనె చారలు పోయేలా కలిపి ముద్దలు పెట్టుకుంటారు చూడండి, ఆ పూట రుచిలో మీ చేతి వాటా కూడా ఉంటుంది.

ఎవరి వేళ వారిదిగా, కలిసి గడిపే వేళ కలిసి

రోజంతా ఒకరి ఎదుట ఒకరు ఉండటం ప్రేమకు కొలత కాదు. పగలంతా కలిసే ఉండే ఇంట్లో ఇద్దరికీ ఎవరి చోటు, ఎవరి వేళ వారికి కావాలి. రోజులో రెండు గంటలు ఒకరినొకరు పిలవని వేళగా పెట్టుకోండి. ఆయన గ్రంథాలయానికి వెళ్ళొచ్చు, అరుగు మీద స్నేహితులతో కూర్చోవచ్చు. ఆవిడ సీరియల్ చూసుకోవచ్చు, చెల్లెలితో ఫోన్లో మాట్లాడుకోవచ్చు. "ఎక్కడికి, ఎవరితో, ఎంతసేపు" అన్న ఆరా ఆ రెండు గంటల్లో వద్దు.

దానికి బదులుగా రోజులో రెండు వేళలు తప్పనిసరిగా కలిసి గడపండి. పొద్దున కాఫీ, పేపరు ఒకటి. ఒకరు మెయిన్ పేపరు, ఒకరు జిల్లా పేజీలు పట్టుకుని, తర్వాత మార్చుకోండి. చివర్లో పదకేళి ఇద్దరూ కలిసి నింపండి. సాయంత్రం నడక రెండోది. ఒకరిది వడి, ఒకరిది నిదానం అయితే పార్కుకు కలిసి వెళ్ళండి, ఎవరి నడక వారు నడవండి, బెంచీ దగ్గర కలుసుకుని కలిసి తిరిగి రండి.

టీవీ విషయంలో ఒక సంగతి గట్టిగా చెప్పాలి. వయసుతో వచ్చే చెవుడు ముందుగా సన్నటి, హెచ్చు స్థాయి శబ్దాలను మింగేస్తుంది. మాటల్లో స, శ, ఫ వంటి ధ్వనులు ఆ స్థాయిలోవే. అందుకే "శబ్దం వినబడుతోంది, మాట తెలియట్లేదు" అంటారు. మగ గొంతుల కంటే ఆడవాళ్ళ గొంతులు, పిల్లల గొంతులు సాధారణంగా హెచ్చు స్థాయిలో ఉంటాయి. ఆయన అరుగు మీద స్నేహితుడితో బాగానే మాట్లాడి, వంటగదిలోంచి ఆవిడ పిలిస్తే పలకకపోతే "నా మాటంటేనే లెక్కలేదు" అని ఆవిడ ఏళ్ళ తరబడి బాధపడుతుంది. కారణం మనసులో లేదు, చెవిలో ఉంది. వేరే గదిలోంచి పిలవడం మానండి. ఎదురుగా వచ్చి, మొహం కనబడేలా మాట్లాడండి. మిక్సీ తిరుగుతుండగా ముఖ్యమైన సంగతులు ఎత్తకండి. టీవీ సౌండు ఏడాదికేడాది పెరుగుతోందంటే చెవి డాక్టరు దగ్గర పరీక్ష చేయించండి. కళ్ళజోడు పెట్టుకోవడానికి ఎవరూ సిగ్గుపడనప్పుడు వినికిడి యంత్రానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

ఒంటి సంగతులు: భయం తక్కువ, ఏర్పాటు ఎక్కువ

ఈ వయసులో రోగాల గురించి మాట్లాడుకోవడం కంటే ఇంట్లో నాలుగు ఏర్పాట్లు చేసుకోవడం మేలు. రాత్రి రెండుసార్లు లేవాల్సి వచ్చే మనిషికి మంచం నుంచి బాత్రూము దాకా దారి కనబడాలి. చిన్న బల్బు ఒకటి రాత్రంతా వెలగనివ్వండి. బాత్రూములో గోడకు పట్టుకునే కమ్మీ బిగించండి. నేల తడిగా ఉండనివ్వకండి. నిద్రలోంచి లేచిన వెంటనే నిలబడకుండా ఒక నిమిషం మంచం అంచున కూర్చుని అప్పుడు లేవండి. తుంటి ఎముక విరిగిన ఇంట్లో ఆ తర్వాతి ఏడాది ఎలా గడుస్తుందో చూసినవాళ్ళు ఈ కమ్మీ విలువ చెబుతారు.

మాత్రలకు వారంలో ఏడు రోజుల అరలున్న డబ్బా కొనండి. ఆదివారం సాయంత్రం ఇద్దరూ కూర్చుని ఎవరి డబ్బా వారు నింపుకోండి. "వేసుకున్నారా, లేదా" అన్న రోజువారీ తగువు అక్కడితో పోతుంది. అర చూస్తే చాలు. వయసు పెరిగేకొద్దీ దాహం సరిగ్గా తెలియదు కాబట్టి దాహం కోసం ఎదురుచూడకుండా వేళకు నీళ్ళు తాగండి. నీళ్ళు ఇంత మించి వద్దని డాక్టరు చెప్పినవారు ఆ మాటే పాటించాలి. అరవై అయిదు దాటినవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, వారంలో మూడు రోజులైనా తూలకుండా నిలబడే పట్టును పెంచే వ్యాయామం. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజుల నడకతో మొదటిది తీరుతుంది. రెండోదానికి గోడ పక్కన ఒంటి కాలి మీద కాసేపు నిలబడటం ఇంట్లోనే చేయొచ్చు.

డబ్బు: ఇద్దరికీ తెలిసి ఉండాలి, ఇద్దరి చేతిలోనూ ఉండాలి

పెన్షను ఇంట్లో రెండు చిక్కులుంటాయి. ఒకటి, లెక్కలన్నీ ఒక్కరికే తెలియడం. రెండు, ఖర్చుకు ప్రతిసారీ ఒకరు ఇంకొకరిని అడగాల్సి రావడం.

మొదటిదానికి ఒక ఫైలు పెట్టండి. పెన్షన్ పేమెంట్ ఆర్డరు, బ్యాంకు పాసుపుస్తకాలు, డిపాజిట్ రసీదులు, ఇంటి పత్రాల నకళ్ళు, బీమా కాగితాలు అందులో ఉండాలి. పెన్షన్ ఆర్డరులో భార్య లేదా భర్త పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో ఈరోజే చూడండి. రేపు కుటుంబ పెన్షను దగ్గర ఒక్క అక్షరం తేడా నెలల తరబడి తిప్పుతుంది. కేంద్ర పెన్షనర్లు ఏటా నవంబరులో జీవన ధ్రువీకరణ ఇవ్వాలి. ఎనభై నిండినవారికి అక్టోబరు 1 నుంచే అవకాశం ఉంది. రాష్ట్ర పెన్షనర్లు తమ గడువును ట్రెజరీలో కనుక్కుని క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోవాలి. 2014 నవంబరులో వచ్చిన జీవన్ ప్రమాణ్ పద్ధతితో ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి కూడా ఈ పని ఇంట్లోంచే ముగించవచ్చు. డెబ్భై నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తారు. 2024 అక్టోబరులో మొదలైన ఈ పథకంలో ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆస్పత్రి వైద్యం దొరుకుతుంది. ఈ కాగితాల పని ఎప్పుడూ ఒక్కరే చేయకండి. రెండో మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఏటీఎం నుంచి డబ్బు తీయడం ఇద్దరికీ వచ్చి ఉండాలి.

రెండోదానికి చేతి డబ్బు. నెల మొదటి వారంలో ఇంటి ఖర్చు పక్కన పెట్టాక, ఇద్దరూ సమానంగా కొంత సొమ్ము విడిగా తీసుకోండి. రెండు వేలో అయిదు వేలో మీ తాహతును బట్టి. దానికి లెక్క చెప్పక్కరలేదు. ఆవిడ చెల్లెలి కూతురికి చీర కొనొచ్చు, ఆయన పాత పుస్తకాలు కొనొచ్చు. సొంత సంపాదన లేకుండా నలభై ఏళ్ళు సంసారం చేసిన ఇల్లాలికి అడగకుండా ఖర్చు పెట్టుకోగల ఆ రెండు వేలు గౌరవం. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో ఒక్కొక్కరు 30 లక్షల దాకా వేసుకోవచ్చు. వడ్డీ మూడు నెలలకోసారి వస్తుంది. అరవై దాటిన ఇల్లాలి పేరున కూడా విడిగా ఖాతా తెరవొచ్చు. ఆ వడ్డీలోంచే ఈ చేతి డబ్బు ఏర్పాటు చేసిన ఇళ్ళున్నాయి.

చేతి డబ్బు దాటిన ఏ మొత్తమైనా ఇద్దరికీ తెలియకుండా ఇల్లు దాటకూడదు. ఈ నియమం మోసాల నుంచి కూడా కాపాడుతుంది. పోలీసులమనో సీబీఐ అనో వీడియో కాల్ చేసి "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, ఎవరికీ చెప్పకండి" అని బెదిరించే ముఠాలు పెన్షనర్ల మీదే కన్నేస్తున్నాయి. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ఫోను పెట్టేయండి, ఇంట్లోవారికి చెప్పండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. "ఎవరికీ చెప్పకు" అని ఎవరైనా అన్నారంటే అప్పుడే అందరికీ చెప్పాలి.

పిల్లలు, మనవలు, ఆదివారం ఫోను

డాలస్‌లో ఉన్న కొడుకు శనివారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే మనకు ఆదివారం ఉదయం ఏడున్నర. అది వేసవి లెక్క. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మనకు ఏడున్నర అయ్యేసరికి అక్కడ ఎనిమిదే. మార్చి రెండో ఆదివారం మళ్ళీ ముందుకు తిప్పుతారు. ఈ మార్పుల తర్వాత వచ్చే ఆదివారం చాలా ఇళ్ళలో "ఫోను రాలేదేం" అని దిగులు పడటం, వాళ్ళు "ఎత్తలేదేం" అని కంగారు పడటం మామూలే. ఆ రెండు తేదీలు క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.

ఫోన్లో "తిన్నారా, ఏం వండారు, ఎండగా ఉందా" అయిపోయాక మాట ఆగిపోతుంది. మనవడికి ప్రశ్నలు వేయడం కంటే ఏదో ఒకటి చూపించండి. పెరట్లో విచ్చిన మందారం, తాతగారు బడికెళ్ళిన రోజుల్లోని ఫోటో, గోడ మీద కట్టిన పిచ్చుక గూడు. వారానికో చిన్న కథ చెప్పి, సగంలో ఆపండి. పై వారం వాడే అడుగుతాడు.

మనవలు అదే ఇంట్లో ఉంటే సంతోషం ఎక్కువ, అలసట కూడా ఎక్కువ. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్తే పిల్లల్ని చూసుకోవడం మీకు ఆనందమే. ఆ ఆనందానికి ఒక హద్దు ముందే చెప్పుకుంటే అది ఆనందంగానే మిగులుతుంది. వారంలో ఒక పూట మీకు సెలవు కావాలని, గుడికో స్నేహితుల ఇంటికో వెళ్తామని మెత్తగా, మొదట్లోనే చెప్పండి. ఆర్నెల్లు ఓపిక పట్టి ఒకరోజు విసుక్కుంటే అందరికీ కష్టం. పెంపకంలో చివరి మాట తల్లిదండ్రులదే కానివ్వండి. మీరు సలహా ఒకసారి చెప్పండి. రెండోసారి వాళ్ళు అడిగితే చెప్పండి.

మాటా మాటా వచ్చినప్పుడు

చిన్న తగువులు రాని ఇల్లు లేదు. వచ్చినప్పుడు మూడు పద్ధతులు పాటించండి. ఒకటి, వచ్చిన సంగతి మీదే మాట్లాడండి. గ్యాసు కట్టేయడం మరిచిన దగ్గర మొదలై ఎప్పటిదో పెళ్ళినాటి పెట్టుపోతల దాకా వెళ్ళకండి. రెండు, పిల్లల్ని తీర్పు చెప్పమని ఫోన్ చేయకండి. వేల మైళ్ళ దూరంలో ఉన్న కూతురు ఆ రాత్రి నిద్రపోదు. మీరిద్దరూ మర్నాటికి కలిసిపోతారు. మూడు, అలిగినా భోజనం కలిసే చేయండి. పక్కపక్కన కూర్చుని పెరుగు వడ్డించుకునేసరికి చాలా కోపాలు సగమవుతాయి.

వారానికోసారి, ఆదివారం కాఫీ దగ్గర పది నిమిషాలు "ఈ వారం నీకేం ఇబ్బందైంది?" అని అడిగే అలవాటు చేసుకోండి. ఒకరు చెబుతున్నప్పుడు రెండోవారు సంజాయిషీ ఇవ్వకుండా వినాలి. మొదట్లో కృతకంగా అనిపించొచ్చు. నాలుగు వారాలయ్యేసరికి మనసులో పెట్టుకునే సరుకు తగ్గిపోవడం మీకే తెలుస్తుంది.

సంతోషానికి తేదీ వేయండి

"ఎప్పుడైనా వెళ్దాం" అన్న చోటికి వెళ్ళినవాళ్ళు తక్కువ. ఖాళీ దండిగా ఉన్న మనిషికి వాయిదా వేయడం ఇంకా తేలిక. అందుకే చిన్న సరదాలకు కూడా తేదీ కావాలి.

నెలకో బస్సు ప్రయాణం పెట్టుకోండి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకు ఇలాంటి వీలే వచ్చింది. అక్కడ ఆర్టీసీలో అరవై దాటిన మగవారికి టికెట్టులో 25 శాతం రాయితీ ఉంది. కొంచెం ఖర్చుతో ఇద్దరూ పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరే దూరంలో ఎన్నో ఊళ్ళున్నాయి. చిన్నప్పుడు చదివిన బడి, పెళ్ళయిన కొత్తలో కాపురమున్న వీధి, చూద్దామనుకుంటూనే చూడని గుడి. రైల్లో వెళ్ళేవారు టికెట్టు తీసేటప్పుడు లోయర్ బెర్తు కోటా అడగండి. మగవారికి అరవై, ఆడవారికి నలభై అయిదు దాటితే అది వర్తిస్తుంది.

రుతువుల్ని వదలకండి. ఎండాకాలం ముంజలు, మల్లెలు. వానల తర్వాత సీతాఫలాలు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనం. చలికాలం కుంపటి మీద కాల్చిన తేగలు, సంక్రాంతికి రేగుపళ్ళు. వీటికి పెద్ద ఖర్చు లేదు. ఉద్యోగపు రోజుల్లో వీటిలో సగం మనకు తెలియకుండానే వచ్చి వెళ్ళిపోయాయి.

ఒంటరిగా మిగిలినవారికి ఈ మాటలు కొంచెం కష్టంగా తగులుతాయి. మీ కోసమే విడిగా చెబుతున్నాను. పొద్దున ఒక వేళకు మీరు ఫోన్ చేసే మనిషిని, మీకు ఫోన్ చేసే మనిషిని ఏర్పాటు చేసుకోండి. ఆ వేళకు ఫోను రాకపోతే వచ్చి తలుపు తట్టాలన్నది మీ ఇద్దరి ఒప్పందం. వండుకునేది ఒక్కరికే అయినా కంచంలో వడ్డించుకుని కూర్చుని తినండి. ఏ సాయం కావాలన్నా, ఎవరివల్ల ఇబ్బంది కలిగినా, ఎల్డర్ లైన్ 14567కు ఫోన్ చేయడానికి వెనకాడకండి. అది వృద్ధుల కోసమే ఉన్న జాతీయ సహాయ నంబరు.

ఈ వారం చేయాల్సినవి

1. ఇంటి పనుల్లో ఒకటి ఎంచుకుని, మొదటి నుంచి చివరి దాకా మీ పేరున రాసుకోండి.
2. రోజులో ఎవరికి వారుగా గడిపే రెండు గంటలు ఏవో ఇద్దరూ మాట్లాడుకుని ఖాయం చేసుకోండి.
3. బాత్రూముకు కమ్మీ, దారికి రాత్రి బల్బు, ఏడు అరల మాత్రల డబ్బా కొనండి.
4. పెన్షన్ ఆర్డరు తీసి పేరు, పుట్టిన తేదీ సరిచూడండి. ఫైలు ఎక్కడుందో రెండో మనిషికి చూపించండి.
5. ఇద్దరికీ చేతి డబ్బు ఎంతో నిర్ణయించుకోండి.
6. ఈ నెల బస్సు ప్రయాణానికి ఊరు, తేదీ క్యాలెండరు మీద రాయండి.

ఇవేవీ కష్టమైన పనులు కావు. ఒక్కరు పూనుకుంటే మాత్రం సాగవు. అందుకని చివరిగా ఒక మనవి. ఈ అధ్యాయం చదవడం అయ్యాక పుస్తకంతో పాటు ఒక పెన్సిలు మీ ఇంట్లో రెండో మనిషికి ఇవ్వండి. తనకు నిజమనిపించిన వాక్యం కింద గీత గీయమనండి. మీరూ గీయండి. ఇద్దరి గీతలూ పక్కపక్కన పెట్టి చూసుకుని, ఆ మాటల దగ్గర నుంచే ఈరోజు మాట్లాడుకోవడం మొదలుపెట్టండి.